తలుపు వెడల్పు ఎంతండీ?

చక్రాల కుర్చీ వాడడం మొదలుపెట్టాక ఇది నా మూడో ప్రయాణం. చెల్లి తోడు వచ్చింది.

విమానం దగ్గర ఈసారి టెన్షన్ పడలేదు. నాకు ఎంత సాయం కావాలో విమాన సంస్థకు చెప్పే వీల్‌చైర్ కోడ్ బుకింగ్‌లో సరిగ్గా పడటమే కారణం. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లు ఎక్కలేరు, లోపల సీటు దాకా నడుస్తారు. అసలు నడవలేని నాలాంటివాళ్లకు డబ్ల్యూసీహెచ్‌సీ ఉండాలి. పోయినసారి మొదటి కోడ్ వేశారు, విమానం మెట్ల కింద చాలాసేపు ఉండిపోయాను. అందుకే ఈసారి 48 గంటల ముందే ఫోన్ చేసి, కోడ్ చదివించుకుని విన్నాను. సీట్ల మధ్య పట్టే సన్న కుర్చీ సిద్ధంగా ఉంచారు. నా కుర్చీని విమానం తలుపు దగ్గర అప్పగించి, కుషన్, ఊడి వచ్చే భాగాలు మాత్రం నాతోనే ఉంచుకున్నాను.

మొదటి హోటల్‌వాళ్లు వీల్‌చైర్ సదుపాయం ఉందని రాశారు. తీరా వెళ్తే గుమ్మం ముందు 15 సెంటీమీటర్ల మెట్టు, దానికి ఆనించిన రెండడుగుల చెక్క. సెంటీమీటరు ఎత్తుకు 12 సెంటీమీటర్ల వాలు లెక్కన అక్కడ 180 సెంటీమీటర్ల ర్యాంప్ ఉండాలి. ఇద్దరు కుర్రాళ్లు నన్ను కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు. మనసు మంచిదే, కానీ అలా ఎత్తితే నాకు భయం. బాత్రూమ్ తలుపు చెల్లి టేపుతో కొలిస్తే 60 వచ్చింది, నా కుర్చీ 64. "కుర్చీ మడిస్తే పట్టేస్తుంది కదా మేడమ్" అన్నాడు రిసెప్షన్‌లో అబ్బాయి. కుర్చీ వేరు, నేను వేరు అనుకున్నాడు. ఆ గుమ్మం దగ్గర నాకు రెండూ ఒకటే. ఆ రాత్రి బాత్రూమ్‌కు వెళ్లాల్సిన ప్రతిసారీ చెల్లి నన్ను మోసింది.

మర్నాడే మారిపోయాం. రెండో చోటు చిన్న గెస్ట్‌హౌస్. యజమానురాలిని తలుపుకు టేపు పెట్టి ఫోటో పంపమంటే విసుక్కోకుండా పంపింది. తలుపు 85. బాత్రూమ్‌లో కుర్చీ గుండ్రంగా తిరగడానికి 150 సెంటీమీటర్ల జాగా, షవర్ దగ్గర గట్టు లేదు, గోడకు మడత సీటు, టాయిలెట్‌కు రెండు పక్కలా పట్టుకునే కడ్డీలు. మంచం నా కుర్చీ ఎత్తే ఉంది. మంచం ఎత్తు అడగాలని చాలామందికి తట్టదు గానీ, అది సమంగా ఉంటే సొంతంగా జరిగి పడుకోవచ్చు. ఆ రాత్రి చెల్లిని లేపకుండా బాత్రూమ్‌కు వెళ్లొచ్చాను. ఈ మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

మ్యూజియంలో లిఫ్ట్ బాగుంది. వికలాంగుల టాయిలెట్‌లో మాత్రం చీపుర్లు, బకెట్లు పెట్టి తాళం వేశారు. తాళం తెప్పించడానికే 20 నిమిషాలు పట్టింది. ఇది క్షమించలేను.

సముద్రం దగ్గర ఇసుక మీద చాపల దారి వేశారు. బెలూన్ల లాంటి లావుపాటి టైర్ల కుర్చీ కూడా ఇస్తారు. చెల్లి దాన్ని అలల దాకా తోసింది, నా పాదాలు నీళ్లలో తడిశాయి. ఆ కుర్చీ సాయంత్రం నాలుగింటి వరకే. మేం మూడున్నరకు వెళ్లాం. మీరు వెళ్తే పొద్దున్నే వెళ్లండి.