గోర్ఖా కొండల్లో నాలుగు వారాలు: కట్టిన రుసుము, చేసిన పని

నేపాల్‌లో స్వచ్ఛంద సేవకు వెళ్లాలనుకునే వారు మధ్యవర్తి సంస్థకు రుసుము కట్టే ముందు, అందులో ఊరికి ఎంత చేరుతుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. మేము అడగలేదు. 2019 మే నెలలో నేను, మా బావ తలా 24,000 రూపాయలు కట్టి గోర్ఖా జిల్లాలోని ఒక కొండ ఊరి బడిలో పనిచేసి వచ్చాము. ఊరు మాకు ఎంత నచ్చిందో, మమ్మల్ని పంపిన సంస్థ మీద అంత కోపం వచ్చింది.

వరంగల్‌లో రప్తీసాగర్ రైలు ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, అక్కడి నుంచి 120 రూపాయల బస్సులో సునౌలీ చేరి, నడిచి సరిహద్దు దాటాము. భారతీయులకు వీసా అక్కర లేదు కాబట్టి అంతవరకు ఏ ఇబ్బందీ లేదు. చిక్కు నోట్ల దగ్గర వచ్చింది. వంద కంటే పెద్ద భారతీయ నోట్లు చెల్లవని నేపాల్ ప్రభుత్వం అంతకు ముందు డిసెంబరులోనే ప్రకటించినా, మేము అన్నీ ఐదు వందల నోట్లే పట్టుకెళ్లాము. మన నూరు రూపాయలకు అక్కడివి 160 అన్నది స్థిరమైన లెక్క. ఆ లెక్కన 5,000కు 8,000 రావాలి. సరిహద్దులోని మారకం దుకాణదారు 7,700 చేతిలో పెట్టి, అది కూడా మేలు చేసినట్టే మాట్లాడాడు. మేము వంద నోట్ల కట్టలు తీసుకెళ్లి ఉండాల్సింది.

భైరహవాలో 650 నేపాలీ రూపాయలకు ఎక్కిన రాత్రి బస్సు అర్ధరాత్రి దాటాక ముగ్లిన్ చేరింది. అక్కడ ఎడమకు తిరిగి అబూ ఖైరేనీ మీదుగా వెళ్తే గోర్ఖా దగ్గరే. అయినా 'అవగాహన తరగతి' తప్పనిసరి అన్నారు కాబట్టి కుడికి తిరిగి మరో 110 కిలోమీటర్లు కాఠ్మాండూకు వెళ్లి, రెండు రోజుల తరువాత అదే దారిన వెనక్కి వచ్చాము. థమేల్ సందులో మాకిచ్చిన లాడ్జి గది నాలుగో అంతస్తులో ఉంది. దానికి కిటికీ లేదు. దుప్పట్లకు అంతకు ముందు పడుకున్నవారి వాసన ఉంది. బకెట్ వేడినీళ్లకు విడిగా 150 అడిగారు. బావ ఆ రాత్రి నాతో ఒక్క మాటా మాట్లాడలేదు, ఎందుకంటే ఈ ప్రయాణం నా ఆలోచన. తరగతి నలభై నిమిషాలు సాగింది, అందులో సగం చిత్వన్ అడవి యాత్ర టిక్కెట్లు అమ్మడానికే సరిపోయింది. ఊళ్లో ఉండలేకపోతే 8,000 అదనంగా కట్టి నగరంలోని బాలల గృహానికి మారవచ్చని కూడా చెప్పారు. ఆ మాట విన్నప్పుడే మేము లేచి రావలసింది. 2015 భూకంపం తరువాత తల్లిదండ్రులున్న పిల్లలనే మాయమాటలతో తెచ్చి ఇలాంటి గృహాలను నింపుతున్నారని యూనిసెఫ్ బహిరంగంగానే హెచ్చరించింది. డబ్బు కడితే ఎవరినైనా పిల్లల మధ్యకు పంపే గృహం వైపు, ఎంత జాలి వేసినా, వెళ్లవద్దు.

ఊరు చేరాక మాత్రం మనసు తేలికపడింది. మాకు బస ఇచ్చిన ఇల్లాలిని దిదీ, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. ఆమె మమ్మల్ని భాయి అనేది, నేపాలీలో ఆ మాటకు తమ్ముడనే అర్థం. ఆమె భర్త ఖతార్‌లో కూలి పని చేస్తున్నాడు. మాది గల్ఫ్ వలసలున్న జగిత్యాల వైపు పల్లె కాబట్టి, గోడ మీది అతని ఫోటో, నెలకోసారి డబ్బు పంపే రోజు కోసం ఎదురుచూపు, రాత్రి తొమ్మిదికి మోగే ఫోను మాకు కొత్తగా అనిపించలేదు. 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 తీవ్రత భూకంపానికి కేంద్రమైన బార్పాక్ ఈ జిల్లాలోనిదే. మట్టితో కట్టిన వాళ్ల పాత రాతి ఇల్లు ఆ రోజు పూర్తిగా కూలింది. శనివారం అక్కడ సెలవు కనుక పిల్లలెవరూ బడిలో లేరని, అందుకే బతికారని దిదీ చెప్పింది. ప్రభుత్వ సాయం మూడు లక్షలు మూడు విడతలుగా వచ్చింది: ముందు 50,000, తరువాత లక్షన్నర, చివర లక్ష. ఇంజనీరు వచ్చి గోడల్లో భూకంపాన్ని తట్టుకునే అడ్డపట్టీలు సరిగా వేశారో లేదో చూసి సంతకం చేస్తేనే తరువాతి విడత. రెండు గదులకు ఆ సొమ్ము చాలక చేసిన అప్పుకు ఖతార్ జీతంలో సగం వడ్డీగా పోతోంది.

భోజనం గురించి బావ వారం రోజులు సణిగాడు. ఉదయం పదింటికి, మళ్లీ రాత్రికి పప్పు, అన్నం, ఆకుకూర, మధ్యలో టీ. ఎనిమిదో రోజున దిదీ ఇనుప మూకుడులో కోదో పిండి కెలికి ధిడో వడ్డించింది. కోదో అంటే మన తైదలే. ఉప్పు లేని తైద సంకటి, పక్కన ముల్లంగి ఆకులను పులియబెట్టి ఎండబెట్టిన గుంద్రుక్‌తో పుల్లని చారు. మా నాయనమ్మ గుర్తుకొచ్చి నేను రెండోసారి వడ్డించుకున్నాను, బావ మూడోసారి వడ్డించుకున్నాడు.

బడిలో నాకు ఆరో తరగతి ఇంగ్లీషు అప్పగించారు. మొదటి రోజు పలకరింపులు, అక్షరమాల మొదలుపెట్టగానే పిల్లలు నాకంటే ముందే అన్నీ అప్పజెప్పి నవ్వారు. అంతకు ముందు వచ్చిన నలుగురు స్వచ్ఛంద సేవకులూ ఆ మొదటి పాఠంతోనే మొదలుపెట్టారట. అసలు ఇంగ్లీషు మాస్టారు ఆ గంటలో వరండాలో ఖాళీగా కూర్చున్నారు, ఆయన నాకంటే బాగా చెప్పగలరు. నాలుగో రోజున సిగ్గుపడి ప్రధానోపాధ్యాయుడిని, నిజంగా మీకు ఏం కావాలని అడిగాను. విద్యార్థుల వివరాలు కంప్యూటరులో ఎక్కించే మనిషి, వైరింగు చూసే మనిషి కావాలన్నారు. బావ ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాడు. విరాళంగా వచ్చి ఏడాదిగా గోనె సంచి కప్పుకుని ఉన్న రెండు కంప్యూటర్లను, తీగలకూ స్విచ్చులకూ 2,350 నేపాలీ రూపాయలు ఖర్చుచేసి, మూడు రోజుల్లో నడిపించాడు. ఆ తరువాత అతని సణుగుడు తగ్గింది. నేను ఆదివారం నుంచి శుక్రవారం దాకా పేర్లు, పుట్టిన తేదీలు ఎక్కిస్తూ కూర్చున్నాను. వాళ్ల విక్రమ సంవత్ తేదీలు మన క్యాలెండరు కంటే దాదాపు యాభై ఏడేళ్లు ముందుండటంతో మొదట్లో చాలా తప్పులు చేశాను.

రుసుము సంగతి దిదీతో మాట్లాడుతుండగా బయటపడింది. ఒక్కొక్కరికి రోజుకు 300 చొప్పున 26 రోజులకు 7,800 ఆమెకు ముట్టింది. బడికి ఇద్దరి పేరిట 4,000 ఇచ్చారు. నేను కట్టిన 24,000 అక్కడి లెక్కన 38,400 నేపాలీ రూపాయలు. నా వాటాలో ఊరికి చేరింది 9,800, అంటే ఇంచుమించు నాలుగో వంతు. మిగిలిన 28,600కు నాకు దక్కినవి కిటికీ లేని గదిలో రెండు రాత్రులు, ఒక టీషర్టు, పేరు తప్పుగా అచ్చయిన ధ్రువపత్రం. వివరణ కోరుతూ రెండుసార్లు రాస్తే, 'నిర్వహణ ఖర్చులు' అన్న రెండు మాటల జవాబు వచ్చింది.

మళ్లీ వెళ్తే నేరుగా ప్రధానోపాధ్యాయుడికి ఫోన్ చేసి, ఆయన అడిగిన పని తెలిసినవారినే వెంటబెట్టుకుని, దిదీకి రోజుకు 800 ఆమె చేతికే ఇచ్చి వెళ్తాను. మేము తిరిగి బయలుదేరిన రోజున ఆమె కిలో గుంద్రుక్ పొట్లం కట్టి ఇచ్చింది. తిరుగు రైలులో ఆ వాసనకు ఎదుటి బెర్తు ఆయన మూడుసార్లు ఫిర్యాదు చేసినా బావ ఆ పొట్లాన్ని తలకింద నుంచి తీయలేదు.