సరస్సు దాటి వచ్చిన మఠంలో రెండు రాత్రులు

ముందే చెప్పేస్తున్నాను. వందల ఏళ్ళ నాటి గోడలు, పాచి పట్టిన రాళ్ళు చూద్దామని ఫిన్లాండ్‌లోని వాలమో మఠానికి వెళ్తే నిరాశే. అక్కడి పెద్ద గుడి 1977లో కట్టింది. "మన ఊరి సినిమా హాలు ఇంతకంటే పాతది కదా" అన్నారు మా ఆయన, గేటు దగ్గరే. అయినా మళ్ళీ వెళ్తారా అంటే వెళ్తాం. ఈసారి మాత్రం కొన్ని పనులు వేరేలా చేస్తాం.

మేము హెల్సింకి పక్కనే ఎస్పోలో ఉంటాం. పోయిన వేసవిలో అత్తయ్య వచ్చి మూడు నెలలు ఉన్నారు. మాల్స్ అంటే ఆవిడకు చిరాకు. "ఈ దేశంలో తీర్థం అనేదే లేదా పాపా?" అని రెండో వారం నుంచే అడగడం మొదలుపెట్టారు. ఆఫీసులో ఒకాయన వాలమో పేరు చెప్పారు. ఫిన్లాండ్‌లో ఎక్కువమంది లూథరన్లు. ఆర్థడాక్స్ క్రైస్తవులు నూటికి ఒకరు ఉంటారంతే, కానీ వాళ్ళ చర్చికీ ప్రభుత్వ గుర్తింపు ఉంది. ఆ నూటికి ఒకరికి ఇది పెద్ద పుణ్యక్షేత్రం. దేశానికి తూర్పు వైపున, హెయినావెసి అనే చోట, యుయోయార్వి సరస్సు ఒడ్డున ఉంటుంది.

కారు ఉంటే హాయి. మాకు లేదు. హెల్సింకి నుంచి రైలెక్కి, పియెక్సమాకిలో మారి, వార్కౌస్‌లో దిగి, అక్కడి నుంచి బస్సు. టికెట్ యాప్‌లో స్టాప్ పేరు "వాలమో" అనే ఉంది. బస్సు మమ్మల్ని మెయిన్ రోడ్డు మీద క్రాసింగ్ దగ్గర దింపేసి వెళ్ళిపోయింది. మఠం అక్కడికి నాలుగు కిలోమీటర్లు. చుట్టూ పైన్ చెట్లు, దోమలు, రెండు సూట్‌కేసులు, మోకాళ్ళ నొప్పుల అత్తయ్య. కొన్ని బస్సులు లోపలిదాకా వెళ్తాయట, కొన్ని వెళ్ళవట. అది టికెట్ మీద ఎక్కడా లేదు. పది నిమిషాల తర్వాత మఠం వంటశాలలో డ్యూటీకి వెళ్తున్న ఒకావిడ కారాపి ఎక్కించుకుంది. మీరు వెళ్తే "లోపలిదాకా వెళ్తుందా" అని డ్రైవర్‌ని ఎక్కేటప్పుడే అడగండి. ఆ టెన్షన్ మాతోనే పోనీ.

బసకు అక్కడ రెండు రకాలున్నాయి: అటాచ్డ్ బాత్రూమ్‌తో హోటల్ గదులు, మంచం, బల్ల, కిటికీ మాత్రమే ఉండే అతిథి గృహం. మొదటి రాత్రి హోటల్లో ఉన్నాం. శుభ్రంగా ఉంది, పరుపు మంచిది, తువ్వాళ్ళు దండిగా ఇచ్చారు. కానీ అలాంటి గది వార్కౌస్‌లోనూ దొరుకుతుంది. రెండో రాత్రి అతిథి గృహంలో పడుకున్నాం. బాత్రూమ్ వరండా చివర, అందరికీ కలిపి. గది చిన్నది, చెక్క నేల, గోడకు ఒక చిన్న ఐకన్, అంటే దేవుడి పటం. అత్తయ్యకు ఇదే నచ్చింది, "మంత్రాలయం సత్రం మాదిరి ఉంది" అన్నారు. ధర కూడా బాగా తక్కువ. రాత్రి బాత్రూమ్‌కి లేచే అలవాటున్న పెద్దవాళ్ళుంటే హోటల్, లేదంటే కళ్ళు మూసుకుని అతిథి గృహం తీసుకోండి. జూలైలో రాత్రి పదకొండుకి కూడా వెలుతురు పోదు, అతిథి గృహం కర్టెన్ పల్చన. కళ్ళకు కట్టుకునే గుడ్డ ఒకటి పెట్టుకోండి.

అసలు కథ మర్నాడు గైడ్ చెప్పింది. ముందుగా చెప్పుకుంటే ఇంగ్లిష్‌లో టూర్ ఏర్పాటు చేస్తారు. మేము చెప్పలేదు, ఫిన్నిష్ టూర్‌లో దూరాం. నాకొచ్చిన అరకొర ఫిన్నిష్‌తో అత్తయ్యకు తెలుగులో చెప్తూ నడిచాను.

అసలు వాలమో ఇక్కడిది కాదు. రష్యాలో ఇప్పుడున్న లడోగా సరస్సు మధ్యలోని దీవులది. సెర్గేయి, హెర్మన్ అనే ఇద్దరు సాధువులు స్థాపించారని చెప్తారు, ఎప్పుడన్న దాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. స్వీడన్ వాళ్ళ దాడుల్లో 17వ శతాబ్దం మొదట్లో నాశనమైంది, 18వ శతాబ్దంలో మళ్ళీ లేచింది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు సన్యాసులు, పనివాళ్ళు కలిపి వెయ్యిమంది దాకా ఉండేవాళ్ళు. 1917లో ఫిన్లాండ్ స్వతంత్రమైనప్పుడు ఆ దీవులు ఫిన్లాండ్ వైపు వచ్చాయి. దాంతో రష్యన్ మాట్లాడే సన్యాసులు ఒక్క అడుగు కదలకుండానే వేరే దేశం వాళ్ళయ్యారు. 1923లో ఫిన్నిష్ ఆర్థడాక్స్ చర్చి మాస్కో పీఠాన్ని వదిలి కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) పీఠం కిందకు వెళ్ళింది. క్యాలెండర్ కూడా మార్చింది. దేవుడి పండుగలు పదమూడు రోజులు ముందుకు జరిగితే సన్యాసులు ఊరుకుంటారా? మఠం రెండుగా చీలింది, ఒప్పుకోనివాళ్ళు కొందరు వెళ్ళిపోయారు. ఈస్టర్‌ని పాశ్చాత్యుల తేదీకే చేసుకునే ఆర్థడాక్స్ చర్చిగా ఫిన్లాండ్ ఇప్పటికీ మిగతావాళ్ళకు వింతే.

1939 నవంబరులో సోవియట్ యూనియన్ దాడి చేసింది. ఫిబ్రవరిలో దీవుల మీద బాంబులు పడ్డాయి. చలికాలంలో లడోగా గడ్డకట్టి ఉంటుంది కదా, ఆ మంచు మీదుగానే ఫిన్నిష్ సైన్యం లారీల్లో సన్యాసుల్ని, ఐకన్లని, పుస్తకాల్ని, వెండి సామాన్లని దాటించింది. 1940 మార్చిలో సంధి కుదిరి ఆ ప్రాంతమంతా సోవియట్ల చేతికి పోయింది. ఆ సరిహద్దు ప్రాంతాన్ని కరేలియా అంటారు. మొత్తం నాలుగు లక్షల మందికి పైగా కరేలియా వదిలి వచ్చారు. వాళ్ళలో ఈ మఠం వాళ్ళు దాదాపు 200 మంది, చాలామంది ముసలివాళ్ళే. మొదట కన్నోన్‌కోస్కిలో ఒక బడిలో తలదాచుకున్నారు. తర్వాత ఇక్కడ అమ్మకానికి వచ్చిన ఒక ఎస్టేట్ కొన్నారు. దాని పేరు పాపిన్నియెమి. ఆ మాటకు అర్థం "పూజారి కొమ్ము", కొమ్మంటే నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నేల. పేరు చూసి కొన్నారో కొన్నాక పేరు చూసి మురిసిపోయారో గైడ్ చెప్పలేదు. ఎస్టేట్‌లోని కొయ్య కట్టడాలనే గుడిగా మార్చుకున్నారు. ఆ పాత గుడి ఇంకా ఉంది. తక్కువ ఎత్తు, లోపల పొగ వాసన, నేల కిర్రుమంటుంది. కొత్త తెల్ల గుడి ముందు ఫొటోలు దిగేవాళ్ళలో సగం మంది దీంట్లోకి తొంగి కూడా చూడరు. నన్నడిగితే ముందు దీంట్లోకే వెళ్ళండి.

ఇది విన్నాక అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ పుట్టిన ఊరు శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. ఆ ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. నందికొట్కూరు వైపున్న సప్తనదుల సంగమేశ్వరుడు మాత్రం అక్కడే ఉండిపోయాడు, ఏటా నీళ్ళు తగ్గినప్పుడు కొన్ని నెలలు బయటపడతాడు. "వీళ్ళ పాత గుడి ఏమైందో అడుగు" అన్నారు అత్తయ్య. అడిగాను. సోవియట్ కాలంలో ఆ దీవుల్లో యుద్ధంలో అంగవైకల్యం వచ్చినవాళ్ళకు ఆశ్రమం నడిపారట. 1989లో రష్యన్ సన్యాసులు మళ్ళీ వచ్చి మఠం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడొక వలామ్, ఇక్కడొక వాలమో. ఒకప్పుడు ఫిన్లాండ్ నుంచి జనం అక్కడికి యాత్రకు వెళ్ళేవాళ్ళు. 2023 చివరి నుంచి ఫిన్లాండ్ ఆ సరిహద్దు చెక్‌పోస్టులన్నీ మూసేసింది. "అంటే వీళ్ళకు నీళ్ళు తగ్గేది లేదన్నమాట" అన్నారావిడ.

లారీల్లో వచ్చింది వాలమో ఒక్కటే కాదు. లడోగాలోనే ఇంకో దీవిలో ఉన్న కోనెవిత్సా మఠం సన్యాసులు వేరేచోట స్థిరపడి, మనుషులు తగ్గిపోయాక 1956లో వీళ్ళలో కలిశారు. ఉత్తరాన పెచెంగా మఠం వాళ్ళూ వచ్చి చేరారు. కోనెవిత్సా వాళ్ళు తెచ్చిన మేరీమాత ఐకన్ ఇప్పుడు పెద్ద గుడిలో ఉంది. 1393లో గ్రీస్‌లోని ఆథోస్ కొండ నుంచి లడోగాకు వచ్చిందని చెప్తారు. దగ్గరికెళ్ళి చూస్తేగాని కనబడదు: బాలయేసు చేతిలో పావురం పిల్ల ఉంటుంది. మేము నిలబడ్డ పది నిమిషాల్లో ఆరుగురు వచ్చి దాని ముందు వంగి ముద్దు పెట్టుకుని వెళ్ళారు.

పొద్దున ఆరింటి ప్రార్థన మాత్రం మానొద్దు. ఈ మఠానికి వచ్చేది దీనికోసమే. మేం ముగ్గురం, ఇంకో నలుగురు యాత్రికులు, ఐదారుగురు సన్యాసులు, అంతే. కుర్చీలు ఉండవు, గోడ పక్కన బెంచీలుంటాయి. అత్తయ్య ఇబ్బందిగా కాళ్ళు మార్చుకుంటుంటే ఒక ముసలాయన వేలితో బెంచీ చూపించాడు. వాద్యాలు లేవు, గొంతులే. మధ్యమధ్యలో ఒకే మాట: "హెర్రా, అర్మహ్ద." ప్రభువా, కరుణించు అని. మూడుసార్లు, మళ్ళీ మూడుసార్లు, ఆపకుండా. కాసేపటికి అత్తయ్య పెదాలు కూడా కదలడం చూశాను. అగరువత్తి కంటే కాస్త లావుండే తేనెరంగు మైనపు వత్తి ఒకటి కొని, ఇంకో వత్తి మంటతో వెలిగించి, ఇసుక పళ్ళెంలో గుచ్చాలి. ఆవిడ గుచ్చింది వంగిపోయింది. పక్కనున్న అమ్మాయి వత్తి అడుగుని మంటకు కాస్త చూపించి, మెత్తబడ్డాక గుచ్చి చూపించింది.

ఈ ప్రార్థన ఫిన్నిష్‌లో జరగడం కూడా ఈమధ్యదే. 1970ల దాకా అంతా స్లావోనిక్ (రష్యన్ చర్చిల పాత పూజా భాష), రష్యన్. ముసలి సన్యాసులు ఒక్కొక్కరే పోతుంటే మఠం మూతపడుతుందనుకున్నారు. భాష మారింది, ఫిన్నిష్ కుర్రాళ్ళు చేరారు, యాత్రికులకు తలుపులు తెరిచారు. చివరి రష్యన్ సన్యాసి అకాకి 1984లో పోయారు, 110 ఏళ్ళకు. శ్మశానం చెట్ల మధ్య వరసలుగా ఉంటుంది, అక్కడున్న చిన్న గుడి అలాస్కా హెర్మన్‌ది. 1794లో పాత వాలమో నుంచి అలాస్కా చేరిన మత ప్రచారకుడాయన. 1958లో పోయిన యోహాన్ అనే గురువునీ ఇక్కడే పూడ్చారు, 2018లో ఆయన్ని సాధువుగా ప్రకటించారు.

ఇక తిండి. రెస్టారెంట్ పేరు ట్రాపెసా, మఠాల్లో భోజనశాలని అలాగే అంటారు. బఫే. చేపల సూపు, పుట్టగొడుగుల కూర, బీట్‌రూట్, ఉప్పు దోసకాయలు, రై రొట్టె, బియ్యం జావ నింపి కాల్చిన కరేలియన్ పీరక్కలు. ఆర్థడాక్స్ వాళ్ళకు ఏడాదిలో చాలా రోజులు మాంసం, పాలు లేని ఉపవాసాలే, కాబట్టి శాకాహారం ఇక్కడ వింత కాదు. హెల్సింకి రెస్టారెంట్లకంటే అత్తయ్య ఇక్కడే బాగా తిన్నారు, ఉడికించిన బంగాళదుంపల మీద హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నువ్వుల పొడి తీసి చల్లుకుని మరీ. రాత్రి భోజనం మాత్రం ధరకు తగ్గట్టు లేదు. మధ్యాహ్నం బఫే కడుపునిండా తిని, రాత్రికి రొట్టె, పండ్లు తెచ్చుకోవడం మేలు.

షాపులో మఠం వాళ్ళ బెర్రీ వైన్ అమ్ముతారు. విస్కీ కూడా ఈ ఆవరణలోనే తయారవుతుంది. "సన్యాసులు సారా కాస్తారా!" అని అత్తయ్య గట్టిగానే అన్నారు. తెలుగు అర్థమయ్యేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. పదిమందికి అటూఇటుగా ఉన్న సన్యాసులు ఇంత ఆవరణ నడపాలంటే హోటలూ వైనూ లేకుండా కుదరదని మా ఆయన లెక్క. నాకు మాత్రం పగటిపూట రెండు టూరిస్ట్ బస్సులొస్తే గుడి కంటే షాపులో జనం ఎక్కువుండటం కొంచెం గుచ్చుకుంది. సాయంత్రం బస్సులు వెళ్ళిపోయాకే ఆ చోటు మఠంలా ఉంటుంది. అందుకే పగలు వచ్చి పోయే ట్రిప్ వద్దంటాను.

సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో లింతులా ఉంది, సన్యాసినుల మఠం. ఇది కూడా కరేలియా నుంచి లేచి వచ్చిందే, ఇక్కడ 1946లో స్థిరపడ్డారు. గుళ్ళలో వెలిగించే ఆ తేనెరంగు వత్తులు చేసేది ఈ సన్యాసినులే. టాక్సీలో వెళ్ళాం, జేబుకు చిల్లు పడింది. చూడ్డానికి అరగంట చాలు: చిన్న గుడి, పూలతోట, కాఫీ, వత్తుల షాపు. కారు ఉంటే తప్పకుండా వెళ్ళండి, టాక్సీ పెట్టుకుని మాత్రం వద్దు.

తిరుగు ప్రయాణం కుయోపియో మీదుగా పెట్టుకున్నాం, అది మంచి పని. అక్కడ రీసా అనే ఆర్థడాక్స్ మ్యూజియం ఉంది. లారీల్లో వచ్చిన సామానులో చాలా భాగం ఇక్కడుంది: జరీ వస్త్రాలు, వెండి తొడుగుల ఐకన్లు, పాత్రలు. పాత వాలమో వైభవం కళ్ళకు కనిపించేది మఠంలో కాదు, ఇక్కడే. అద్దాల వెనక ఉన్నాయని అత్తయ్యకు నచ్చలేదు. "దీపం పెట్టే దిక్కు లేదు పాపం" అన్నారు. నాకు మాత్రం, మఠం చూసిన మర్నాడు చూడటం వల్ల, ఏ వస్తువు దేనికి వాడతారో అర్థమైంది. ముందు రీసా చూసి తర్వాత వాలమో వెళ్తే ఇంత రుచించదేమో.

లింతులాలో కొన్న వత్తుల్లో మూడు కట్టలు అత్తయ్య సూట్‌కేసులో కర్నూలు వెళ్ళాయి. హైదరాబాద్‌లో ఎండకు కారులో ఒక కట్ట ఒకదానికొకటి అతుక్కుపోయిందట. మిగతావి కార్తీకమాసానికి దాచారు.