మిగిలిన సోలార్ కరెంటు: బ్యాటరీలో దాచుకుందామా, లైనుకు ఇచ్చేద్దామా?

పోయిన మే నెలలో ఓ రాత్రి ఖమ్మంలో గాలిదుమారం లేచి, మా వీధి చివర వేపకొమ్మ విరిగి కరెంటు తీగల మీద పడింది. తెల్లారేసరికి ఎండ ఫెళ్లున కాస్తోంది. డాబా మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు తళతళా మెరుస్తున్నాయి. కింద ఇంట్లో మాత్రం ఫ్యాను తిరగడం లేదు. అమ్మ విసనకర్రతో విసురుకుంటూ, "ఏరా, మన కరెంటు మనకే రాదా?" అంది.

రాదు. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె ఇన్వర్టర్. ఎక్కువమంది పెట్టించుకునేది లైనుతో కలిసి నడిచే రకం. లైన్లో కరెంటు పోయిందంటే అది తనంతట తానే ఆగిపోతుంది. ఆగకపోతే, స్తంభం ఎక్కి ఆ కొమ్మ తీస్తున్న లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు కొడుతుంది. అంటే అది లోపం కాదు, ఒక మనిషి ప్రాణానికి కాపలా. కానీ ఈ ముక్క పెట్టించేటప్పుడే మాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ రోజు సాయంత్రమే బ్యాటరీల ధరలు కనుక్కున్నాను. "మధ్యాహ్నం మిగిలిందంతా లైనుకు ధారపోయడం ఎందుకండీ, దాచుకుంటే రాత్రికి మీదే కదా" అన్నాడు అమ్మే ఆయన. వినడానికి నిజమే అనిపించింది. ఇంటికొచ్చి నోట్‌బుక్ తీసి లెక్క వేస్తే వేరే సంగతి తేలింది.

మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల వరకూ ఇస్తుంది. మా మూడు కిలోవాట్లకు పన్నెండు. ఇంటి వాడకం నెలకు సుమారు 350 యూనిట్లు, అంటే దాదాపు అంతే. పగలు మేము వాడేది నాలుగైదు యూనిట్లు. మిగతా ఏడు లైనుకు వెళ్తాయి, రాత్రి ఏసీ వేశాక మళ్ళీ ఏడు లైను నుంచి వస్తాయి. మీటర్ తెర మీద అంకెలు వంతులవారీగా మారుతుంటాయి: మనం తీసుకున్నది ఒకటి, ఇచ్చింది ఒకటి. నెట్ మీటరింగ్‌లో బిల్లు వేసేది ఆ రెండింటి తేడాకే. ఫిక్స్‌డ్ ఛార్జీ ఎలాగూ తప్పదు. పక్కింటికి పొద్దున గిన్నెడు పంచదార ఇచ్చి, సాయంత్రం గిన్నెడు తెచ్చుకోవడం లాంటిది ఇది. ఇచ్చినంతా తిరిగి వస్తుంది, గిన్నె అరగదు.

బ్యాటరీ అలా కాదు. లిథియం బ్యాటరీలో పది యూనిట్లు పోస్తే తొమ్మిది తిరిగి వస్తాయి. కరెంటు పోతే వాడుకోవడానికి ఇళ్లల్లో పెట్టుకునే మామూలు ట్యూబులర్ బ్యాటరీలో ఎనిమిది కూడా రావడం కష్టం. నాకు చెప్పిన ధర, అయిదు యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీకి లక్షా ఇరవై వేలు. అది పూర్తిగా ఖాళీ కాకుండా చూసుకోవాలి కాబట్టి, రాత్రికి మనకు దక్కేది నాలుగు యూనిట్లు. పదేళ్ల పాటు ఒక్క రోజూ మానకుండా వాడినా 14,600 యూనిట్లు. అంటే యూనిట్‌కు ఎనిమిది రూపాయల పైన. ఏటేటా దాని సామర్థ్యం తగ్గేది కూడా కలిపితే ఇంకా ఎక్కువ. లైనులో దాచుకుంటే ఆ ఖర్చు సున్నా. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ కూడా ప్యానెళ్లకే, బ్యాటరీకి విడిగా ఏమీ రాదు.

అందుకే గట్టిగా చెప్తున్నాను: నెట్ మీటర్ ఉన్న ఇంట్లో బిల్లు తగ్గించుకోవడానికి బ్యాటరీ కొనొద్దు. తగ్గదు.

"లెక్క తేల్చే గడువు నాటికి మిగిలిపోయిన యూనిట్లకు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, తక్కువ రేటు కడుతుంది కదా, వాటినైనా దాచుకోవచ్చు కదా" అని మా బావ అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ ఇంటి బ్యాటరీ దాచేది ఈ పగటి కరెంటును ఈ రాత్రి కోసం. మే నెలలో మిగిలింది జూలై ముసురు రోజులకు అందులో ఉండదు. అలా ఏటా మిగులుతోందంటే ప్యానెళ్లు అవసరానికి మించి పెట్టించుకున్నారని అర్థం.

ఇదే ప్రశ్న కాలిఫోర్నియాలో ఉండే మా అక్కను అడిగితే జవాబు తిరగబడుతుంది. 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు చేసిన ఇళ్లకు అక్కడ చాలా చోట్ల లైనుకు ఇచ్చే కరెంటు విలువ సగటున ముప్పావు వంతు కోసేశారు. మధ్యాహ్నం ఇచ్చినదానికి కొద్ది సెంట్లు, అదే సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది మధ్య కొనుక్కుంటే దానికి ఎన్నో రెట్లు. అలాంటి చోట మధ్యాహ్నం కరెంటును సాయంత్రం దాకా ఆపగలిగిన బ్యాటరీ తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. అక్కా వాళ్ళు ఇల్లు కొన్నాక ప్యానెళ్లతో పాటే 13.5 యూనిట్ల బ్యాటరీ కూడా పెట్టించారు. వాళ్ళు చేసింది సరైన పనే. రేపు మన దగ్గరా ఇచ్చే రేటు, కొనే రేటు వేరైతే నా లెక్క కూడా మళ్ళీ వేయాల్సిందే.

అయితే అమ్మ అడిగిన ప్రశ్న బిల్లు గురించి కాదు. ఆవిడ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది. ఆ మే నెల ఎండలో పద్నాలుగు గంటలు కరెంటు లేకపోతే నాకు పట్టుకున్న టెన్షన్‌ను యూనిట్లలో లెక్క కట్టలేను.

మీ ఊళ్ళో కరెంటు పోయినా గంటా రెండు గంటల్లో వచ్చేస్తుందంటే, ప్యానెళ్లతో పని లేని మామూలు ఇన్వర్టర్, ఒక 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత పడుతుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ చాలు. రెండు ఫ్యాన్లు, లైట్లు, వైఫై లాగేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ మాత్రం పోస్తుండాలి. పూటల తరబడి పోయే చోట అది చాలదు, ఎందుకంటే లైను వస్తేగానీ అది మళ్ళీ ఛార్జ్ కాదు. అక్కడ ప్యానెళ్లను, బ్యాటరీని, లైనును కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. కరెంటు పోగానే అది లైనుతో తెంచుకుని ఇంటికి మాత్రమే ఇస్తుంది. లైన్‌మన్‌కు ప్రమాదం లేదు, పగలంతా ప్యానెళ్లు బ్యాటరీని నింపుతూనే ఉంటాయి.

మేము హైబ్రిడ్‌కు మారాం. నెట్ మీటర్ అలాగే ఉంది. బ్యాటరీ మాత్రం నాకు చెప్పినదాంట్లో సగం, రెండున్నర యూనిట్ల లిథియం. ఎలక్ట్రీషియన్‌తో ఫ్రిజ్‌కు, మూడు ఫ్యాన్లకు, లైట్లకు విడిగా వైరింగ్ లాగించాను. ఏసీ, గీజర్, మోటారు దాని మీద లేవు. ఏసీ ఒక్కటి కలిపినా రెండు గంటలకే ఖాళీ అవుతుంది. బ్యాటరీని మెట్ల కింద నీడలో, గాలి ఆడే చోట పెట్టించాను. డాబా మీద రేకుల గదిలో పెట్టేద్దామన్నారు, ఒప్పుకోలేదు. మన ఎండలకు ఏ బ్యాటరీ అయినా త్వరగా చచ్చిపోతుంది.

మొన్న మళ్ళీ ఈదురుగాలులకు కరెంటు పోయింది. ఎదురింటి అమ్మాయి వచ్చి, "అమ్మమ్మా, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోనా?" అని అడిగేదాకా ఆ సంగతి అమ్మకు తెలియనే లేదు.