కేబీఆర్ పార్కును వేసవిలో చూడాలి

హైదరాబాద్‌లో ఉదయపు నడకకు పేరుపడిన కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం గురించి అభిప్రాయాలు రాసేవాళ్లలో ఎక్కువమంది వానాకాలం చివర్లోనో చలికాలంలోనో వెళ్లి, పచ్చదనాన్ని మెచ్చుకొని, నెమలి కనబడితే ఒక ఫొటో జోడించి, అయిదు నక్షత్రాలు ఇచ్చి ముగిస్తారు. ఏప్రిల్‌లో వెళ్లినవాళ్లు మాత్రం చెట్లు మోడువారాయని, నీళ్లు పెట్టే దిక్కు లేదని విసుక్కొని రెండు నక్షత్రాలతో సరిపెడతారు. నన్నడిగితే ఈ పార్కు అసలు రూపం కనబడింది ఆ రెండో వర్గానికే. కాకపోతే కళ్లెదుట ఉన్నది ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య 350 ఎకరాలకు పైగా విస్తరించిన ఈ స్థలాన్ని 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అంతకుముందు ఇది నిజాం కుటుంబపు ఆస్తి. ఎనిమిదో నిజాంగా వ్యవహరించిన ముకర్రం జా నివాసమైన చిరాన్ ప్యాలెస్ ఈ ఆవరణలోనిదే. 1964 నుంచి 1971 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన బ్రహ్మానందరెడ్డి పేరు పార్కుకు పెట్టినా, ఆ పూర్తి పేరు పలికే ఆటోడ్రైవరు నాకు ఇంతవరకు తారసపడలేదు. కేబీఆర్ అంటేనే బండి కదులుతుంది.

ఉద్యానవనం అనగానే మనకు పచ్చికబయలు, పూలమడులు, రంగులు వేసిన బెంచీలు గుర్తుకొస్తాయి. ఇక్కడ అవి ప్రధానం కావు. జాతీయ ఉద్యానవనాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది కనుక కొమ్మ విరవడం, కాయ కోయడం, ప్రాణుల గూళ్లను చెదరగొట్టడం నేరమవుతాయి. నగరంలోని మామూలు పార్కుకూ దీనికీ తేడా ఇక్కడే మొదలవుతుంది. మా కాలనీలో ఒక చిన్న పార్కు ఉంది. దాని పేరు చెప్పను గానీ, అలాంటిది మీ వీధిలోనూ ఉండే ఉంటుంది: మూడు వంతులు టైల్స్, ఒక మూల వ్యాయామ పరికరాలు, రోజూ పైపుతో తడిపితే తప్ప బతకని గడ్డి, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు రాకపోతే వారంలో పసుపుపచ్చబడే మడులు. అక్కడి పచ్చదనం మనుషులు మోసుకొచ్చి పోసే నీళ్ల మీద నిలిచి ఉంటుంది. కేబీఆర్‌లోని చెట్లు మాత్రం దక్కన్ వాతావరణానికి అలవాటుపడిన ఎండు ఆకురాల్చు అడవి జాతులవి. వానలు ఆగి నేలలో తడి తగ్గేకొద్దీ, ఆకుల ద్వారా నీరు ఆవిరైపోకుండా అవి ఆకులనే వదిలించుకుంటాయి. సందర్శకులు ఫిర్యాదు చేసే ఆ మోడుతనం చెట్టు ప్రాణం కాపాడుకొనే పద్ధతి.

అన్ని చెట్లూ ఒకే సమయంలో మోడువారవు, ఆ తేడా చూడటంలోనే ఇక్కడి సంతోషమంతా ఉంది. ఉగాది పచ్చడికి పువ్వు కోసం మనం వెతికే రోజుల్లో వేపచెట్టు అప్పుడే చిగిర్చి లేత ఎరుపు తిరిగిన ఆకులతో నిండుగా ఉంటుంది. కానుగ కూడా దాదాపు అదే వేళకు నూనె రాసినట్టు మెరిసే కొత్త ఆకు తొడుగుతుంది. కాబట్టి నడకబాట మీద నీడ మీరు భయపడినంతగా కరవు కాదు. వాటి పక్కనే సీతాఫలం పొదలు మాత్రం బూడిదరంగు పుల్లల కట్టల్లా నిలబడి ఉంటాయి. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో వాటి దగ్గర ఒక్క నిమిషం ఆగి, కొమ్మ ముట్టుకోకుండా కిందినుంచి చూడండి: మూడు మందపాటి రేకులతో, ఆకుపచ్చ రంగులోనే ఉండి, తలకిందులుగా వేలాడే పువ్వు కనిపిస్తుంది. అది పువ్వని తెలియక దాటిపోయేవాళ్లే ఎక్కువ. రేకులు సగమే విచ్చుకొంటాయి. ఆ సందుల్లోంచి దూరే చిన్న చిన్న పురుగులే దాని పరాగసంపర్కానికి ఆధారం. దసరా రోజుల్లో బండ్ల మీద గుట్టలుగా పోసి అమ్మే పండు ఇలాంటి పువ్వునుంచే వస్తుందని పిల్లలకు చూపించదలిస్తే నగరం నడిబొడ్డున ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం.

వేసవికి అనుకూలంగా ఇంకొక మాట చెప్పాలి. వానాకాలంలో పొదలు కమ్ముకొని బాటకు రెండు గజాల అవతల ఏముందో తెలియదు. ఆకు రాలాక చూపు లోపలి దాకా పోతుంది, అడవి నేల వినబడటం కూడా మొదలవుతుంది. ఎండుటాకుల మీద తొండ పరుగెత్తినా పెద్ద జంతువేదో వస్తున్నంత చప్పుడవుతుంది. ముంగిస దాటితే ఆ చప్పుడుకు ఒక వరుస ఉంటుంది, పిట్టల గుంపు పురుగుల కోసం ఆకులు తిరగేస్తుంటే అది ఆగి ఆగి వినబడుతుంది. నెమళ్లు మట్టిలో పొర్లి దుమ్ముతో స్నానం చేయడం చూడాలన్నా పొడి నేల ఉండే ఈ నెలలే అనువైనవి. పురి విప్పి ఆడే నెమలి కోసమైతే తొలకరి దాకా ఆగవలసిందే, వానాకాలం ముగిసేసరికి మగనెమలి తన పొడవాటి ఈకలను రాల్చేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. డిసెంబరులో వెళ్లి, తోక లేని నెమళ్లను చూసి నిరాశపడే బంధువులకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకువెళ్లడం మంచిది.

చెట్లను మించి నాకు నచ్చేవి బండరాళ్లు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో గడ్డకట్టిన గ్రానైట్ ఇది. పైనున్న పొరలు కొట్టుకుపోగా బయటపడి, ఎండకూ వానకూ పగుళ్ల వెంబడి అరిగి, గుండ్రంగా తేలింది. కొన్ని రాళ్ల మీద పైపొర పలకలుగా ఊడి రావడం స్పష్టంగా కనబడుతుంది. పక్కనే రోడ్డవతల ఇవే రాళ్లను పేల్చి ఇళ్లకు పునాదులు తీసిన కాలనీలు ఉన్నందువల్ల, పేల్చకముందు బంజారాహిల్స్ ఎలా ఉండేదో ఊహించుకోవడానికి మిగిలిన కొద్ది చోట్లలో ఇదొకటి.

లోపాలు లేకపోలేదు. మధ్యాహ్నం పార్కు మూసి ఉంటుంది, ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే ప్రవేశం. అడవికి విరామం కావాలన్నది నేను ఒప్పుకొంటాను గానీ, దూరం నుంచి వచ్చేవాళ్లు సమయాలను, టికెట్ ధరను ముందుగా కనుక్కోకపోతే గేటు దగ్గరినుంచే వెనుదిరగవలసి వస్తుంది. ఉదయం ఏడు గంటల వేళ ప్రధాన బాట మీద రద్దీ ఎక్కువ. వ్యాపార విషయాలన్నీ గొంతెత్తి మాట్లాడుకొనే బృందాలు, ఇయర్‌ఫోన్లు లేకుండా పాటలు వింటూ ఒంటరిగా నడిచేవాళ్లు కలిసి, పైన వర్ణించిన చప్పుళ్లేవీ చెవిన పడనీయరు. ఇది పార్కు తప్పు కాదు, మన అలవాటు. తెల్లవారగానే చేరుకోగలిగితే సగం బాధ తీరుతుంది. ఊయలలు, జారుడుబల్లలు కోరే పసిపిల్లలతో వచ్చేవాళ్లు ఇక్కడ విసిగిపోతారు. వాళ్లకు యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కో, దోమలగూడ దగ్గరి ఇందిరాపార్కో మేలు. మెట్రోలో వచ్చేవాళ్లకు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్ నుంచి నడిచిపోగలిగిన దూరమే.

టికెట్ అక్కర్లేకుండా ప్రహరీ బయట చుట్టూ ఉన్న నడకదారిని కూడా ఈ సమీక్షలో కలపాలి, ఎందుకంటే రోజూ వచ్చేవాళ్లలో చాలామందికి కేబీఆర్ అంటే అదే. అక్కడ నీడనిచ్చే చెట్లు రోడ్డుకూ పార్కుకూ మధ్య ఉన్న సన్నని పట్టీలోవి. ఈ పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత మండలం, అంటే నిర్మాణాల మీద ఆంక్షలుండే రక్షణ పట్టీ, 2020లో ఖరారైనప్పుడు దాని వెడల్పును కొన్నిచోట్ల 3 మీటర్లకు, గరిష్ఠంగా 29.8 మీటర్లకు పరిమితం చేశారు; చుట్టుపక్కల కూడళ్లలో ఫ్లైఓవర్ల ప్రతిపాదన వచ్చిన ప్రతిసారీ నడిచేవాళ్లు ప్లకార్డులు పట్టుకొని నిలబడటానికి కారణం, ఇంత సన్నని పట్టీలోని చెట్లు పోతాయన్న భయమే. బయటి దారిలో వాహనాల పొగ, హారన్లు తప్పవు కనుక నా సలహా ఒకటే: ట్రాఫిక్ పెరగకముందే బయట చుట్టు పూర్తిచేసి, ఎండ ముదిరేలోపు లోపలికి వెళ్లండి, నీళ్ల సీసా మాత్రం ఇంటినుంచే తెచ్చుకొని ఖాళీదాన్ని తిరిగి ఇంటికే పట్టుకుపోండి.