లైగో.స్కైమ్యాప్ రివ్యూ: దీర్ఘవృత్త జంటల విషయంలో దిక్కు సరే, దూరమే తేడా

గురుత్వ తరంగం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో లెక్కగట్టే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ముందుగా చేతపట్టాల్సింది ఈ పైథాన్ ప్యాకేజీనే. ఇందులోని బేస్టార్ అనే వేగవంతమైన ప్రోగ్రామ్ నిమిషం లోపే పటం ఇచ్చేస్తుంది. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే కృష్ణబిలాలు, న్యూట్రాన్ తారల జంటల్లో కక్ష్య గుండ్రంగా ఉన్నవాటికైతే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. కక్ష్య సాగి ఉన్నప్పుడే, అంటే ఉత్కేంద్రత ఉన్నప్పుడే, దీని సత్తా తేలేది. అక్కడ ఇది చెప్పే దిక్కును నమ్మొచ్చు. పటం కాస్త ఉబ్బి వస్తుంది. దూరాన్ని మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోవద్దు.

పిప్‌తో ఒక్క లైనులో ఇన్‌స్టాల్ అయిపోతుంది. లినక్స్, మ్యాక్ వాళ్లకు ఇబ్బంది లేదు, విండోస్ వాళ్లు దానిలోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకోవాలి.

దిక్కు ఎందుకు చెడదో చూద్దాం. అమెరికాలోని రెండు లైగో డిటెక్టర్లు హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ మధ్య కాంతి ప్రయాణం 10 మిల్లీసెకన్లు. ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ బలం) 10, సిగ్నల్ బ్యాండ్‌విడ్త్ (పౌనఃపున్యాల విస్తృతి) 100 హెర్ట్జ్ అనుకుంటే ఒక్కో డిటెక్టర్‌లో రాక సమయం సుమారు 0.16 మిల్లీసెకన్ల తేడాతో తెలుస్తుంది. రెండు డిటెక్టర్ల సమయాల తేడా ఆకాశంలో ఒక వలయాన్ని గీస్తుంది, దాని మందం ఈ కచ్చితత్వాన్నిబట్టే వస్తుంది. గుండ్రటి కక్ష్య టెంప్లేట్‌తో (ముందే లెక్కగట్టిన నమూనా సిగ్నల్‌తో) సాగిన కక్ష్య సిగ్నల్‌ను వెతికితే రాక సమయం జరుగుతుంది, నిజమే. కానీ అన్ని డిటెక్టర్లలోనూ ఇంచుమించు ఒకేలా జరుగుతుంది. దిక్కుకు కావాల్సింది సమయాల మధ్య తేడా కాబట్టి ఆ తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. డిటెక్టర్ల నాయిస్ తీరు వేర్వేరు కాబట్టి కొంచెం మిగులుతుంది, అంతే.

దూరం దగ్గర ఆ అదృష్టం లేదు. టెంప్లేట్ కుదరక ఎస్‌ఎన్‌ఆర్ 12 నుంచి 10.8కి పడిందనుకోండి. సిగ్నల్ బలహీనంగా ఉందనుకుని బేస్టార్ మూలాన్ని దూరంగా జరుపుతుంది. పైగా సాగిన కక్ష్య త్వరగా కుంచించుకుపోతుంది, అది గుండ్రటి టెంప్లేట్ కంటికి ఎక్కువ చర్ప్ ద్రవ్యరాశిలా (సిగ్నల్ వేగాన్ని నిర్ణయించే, రెండు ద్రవ్యరాశుల కలయికలా) కనబడుతుంది. బరువైన జంట అంటే గట్టిగా మోగాలి, ఇంత నెమ్మదిగా వినబడుతోందంటే ఇంకా దూరంలో ఉండాలి: ఇదీ దాని లెక్క. రెండు తప్పులూ ఒకే వైపు లాగుతాయి. పటంలో మూలం ఉండొచ్చనే ప్రాంతపు విస్తీర్ణం మాత్రం ఎస్‌ఎన్‌ఆర్ వర్గానికి విలోమంగా మారుతుంది కాబట్టి సుమారు 23 శాతం పెరుగుతుంది.

ఉత్కేంద్రత వల్ల మేలూ ఉంది. మొత్తం 100 సూర్య ద్రవ్యరాశుల జంట ఐస్కో (చిట్టచివరి స్థిర కక్ష్య) దగ్గర 44 హెర్ట్జ్‌లోనే ఉంటుంది. కక్ష్య సాగితే పై హార్మోనిక్స్ (ఇంకా ఎక్కువ పౌనఃపున్యాలు) మోగి బ్యాండ్‌విడ్త్ పెరుగుతుంది, సమయం పదునెక్కుతుంది. 1.4+1.4 న్యూట్రాన్ తారల జంట ఎలాగూ 1,500 హెర్ట్జ్ దాటుతుంది కాబట్టి దానికి ఒరిగేది తక్కువ. అదీగాక ఉత్కేంద్రత నిలవదు: 10 హెర్ట్జ్ దగ్గర 0.1 ఉన్నది 20 హెర్ట్జ్‌కి చేరేసరికి 0.05 కంటే తక్కువ.

ఆ మేలు కావాలంటే బేస్టార్‌తో ఆగకూడదు. ఎస్‌ఈఓబీఎన్‌ఆర్‌వీ5ఈహెచ్ఎమ్ లాంటి ఉత్కేంద్ర వేవ్‌ఫామ్‌తో (తరంగ నమూనాతో) బిల్బీ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్ నడపాలి, అది ఇచ్చే శాంపిళ్లను (సాధ్యమైన విలువల నమూనాలను) ఇదే ప్యాకేజీలోని లైగో-స్కైమ్యాప్-ఫ్రమ్-శాంపిల్స్‌కి ఇవ్వాలి. నిమిషం పని గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఉత్కేంద్రతతో పాటు కక్ష్యలో ఎక్కడుందో చెప్పే అనామలీని కూడా శాంపిల్ చేయాలి. దాన్ని ఒకే విలువ దగ్గర బిగించేస్తే ఫలితం పక్కకు లాగుతుంది.

పటం ఫైలు దగ్గర కొత్తవాళ్లు తరచూ బోల్తా పడతారు. వచ్చేది మల్టీ-ఆర్డర్ ఫిట్స్, అంటే పిక్సెళ్ల సైజు చోటును బట్టి మారే ఫైలు; అందులో ఉండేది ఒక్కో స్టెరేడియన్‌కు (ఘన కోణపు కొలమానానికి) సంభావ్యత. పిక్సెల్ వైశాల్యంతో గుణించకుండా కూడితే మొత్తం 1 రాదు. ఆకాశ పటాలు చదివే హీల్‌పై లైబ్రరీ కోసం లైగో-స్కైమ్యాప్-ఫ్లాటెన్ వాడొచ్చు గానీ, బేస్టార్ 19,200 పిక్సెళ్లలో సర్దిన పటం ఎన్‌సైడ్ (పటం సూక్ష్మతను చెప్పే అంకె) 2048 దగ్గర 5 కోట్ల పిక్సెళ్లవుతుంది. 4 జీబీ ల్యాప్‌టాప్ అయితే మూలుగుతుంది.

సిమ్యులేషన్ పరికరాల మీద ఒక ఫిర్యాదు: కృత్రిమ సిగ్నళ్ల వివరాలుండే సిమ్-ఇన్‌స్పైరల్ పట్టికలో ఉత్కేంద్రతకు గడే లేదు. కాబట్టి డిటెక్టర్లకు ఆ సిగ్నళ్లు ఎలా చిక్కుతాయో అనుకరించే బేస్టార్-రియలైజ్-కోయిన్స్‌తో టెంప్లేట్ పొసగని నష్టాన్ని కొలవలేం. దానికి పైసీబీసీ అనే మరో పైథాన్ ప్యాకేజీతో విడిగా ఫిల్టర్ చేసుకోవాల్సిందే.

నెట్‌వర్క్ మార్చి చూడ్డానికి మాత్రం ఇంత తేలికైనది దొరకదు. ఉత్కేంద్రత వలయాన్ని సన్నం చేస్తుంది, కోసేది మూడో డిటెక్టరే. 2017 ఆగస్టు 14 నాటి సంఘటనలో ఇటలీలోని వర్గో డిటెక్టర్ చేరాక 1,160 చదరపు డిగ్రీలు 60కి దిగాయి. 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్లతో ఆమోదం పొందిన లైగో-ఇండియాను (హింగోలి జిల్లా ఔంఢా, ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్రపు మరాఠ్వాడా) ఐ1 అనే పేరుతో ఇప్పుడే కలిపి చూడొచ్చు. పోల్చేటప్పుడు రెండు నెట్‌వర్కులకూ అవే ఇంజెక్షన్లు (కృత్రిమ సిగ్నళ్లు) వాడండి, సగటు బదులు మీడియన్ చూడండి. రెండే డిటెక్టర్లకు చిక్కిన నాలుగైదు వలయాలు చాలు సగటును ఎక్కడికో లాక్కుపోవడానికి.