డబ్బు కట్టినా యాడ్స్ తప్పవా?

మా డీటీహెచ్‌లో ఒక తెలుగు పే చానెల్ తీసుకున్నాం, నెలకు 19 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. పిక్చర్‌కి వంక పెట్టలేం. కానీ సినిమా కాస్త ఊపందుకోగానే సబ్బులు, నగలు, రియల్ ఎస్టేట్ వెంచర్లు వరసకట్టి వచ్చేస్తాయి, ఈలోపు అమ్మ వంటింట్లోకెళ్లి పప్పుకి పోపు పెట్టి వచ్చినా ఇంకా అవే. 1994 కేబుల్ టీవీ రూల్స్‌లో గంటకు 12 నిమిషాలు మించకూడదని ఉంది, అందులో 2 నిమిషాలు చానెల్ సొంత ప్రచారానికి. పే చానెల్‌కీ ఉచిత చానెల్‌కీ అదే లెక్కట! ఊరికే చూపించేవాళ్లు యాడ్స్ వేసుకుంటే అర్థముంది, చందా తీసుకుని మళ్లీ ఇదేంటి? అమ్మకి సీరియల్స్ కావాలి కాబట్టి ఉంచాను గానీ, లేకపోతే ఈ నెలే తీసేయించేవాణ్ణి. రెండు స్టార్లు, అవీ పిక్చర్‌కే.