రాయబారమా, కన్యాశుల్కమా, పోటీ నాటికా: ఈ ఏడు మా ఒంగోలు పిల్లలు ఏది ఆడాలి?

ఒంగోల్లో మా కుర్రాళ్ళ నాటక బృందం ఈ ఏడు ఏం ఆడాలన్నది ఇంకా తేలలేదు. దసరా సెలవులకి ఒకటి, సంక్రాంతికి ఒకటి, పరీక్షలయ్యాక ఎండాకాలంలో ఒకటి, మొత్తం మూడు ప్రదర్శనలు వేయొచ్చు. అనుకుంటున్నవి మాత్రం నాలుగు: తిరుపతి వేంకట కవుల పద్యనాటకం పాండవోద్యోగంలో కృష్ణుడు కౌరవ సభకి వెళ్ళే రాయబారం సీను, కుదించిన కన్యాశుల్కం, ఆత్రేయ ఎన్.జి.ఓ. (నాన్ గెజిటెడ్ ఆఫీసర్, అంటే చిన్న ప్రభుత్వోద్యోగి), పరిషత్తులు అంటే నాటక పోటీలు పెట్టే సంస్థలు, వాటి పోటీలకి పనికొచ్చే కొత్త నాటిక ఒకటి. అన్నీ మంచివే అని ఊరుకుంటే పని జరగదు. ఆడేవాళ్ళలో ఎక్కువమంది హైస్కూలు, ఇంటర్ పిల్లలు. ఇరవై దాటినవాళ్ళు కొద్దిమందే. ఆ వయసు పిల్లలకి ఏ నాటకం నోరు తిప్పుతుంది, ఏది వాళ్ళ వయసుకి తగిన వేషం ఇస్తుంది అన్నదే నేను చూసేది.

ముందు పోటీ నాటిక సంగతి. దీనివైపు మొగ్గేవాళ్ళే మాలో ఎక్కువ. గంటలో అయిపోతుంది, ఆరేడు పాత్రలు, ఒకటే సెట్టు. పరిషత్తుల్లో ఒకే రాత్రి రెండు మూడు నాటికలు పడతాయి కాబట్టి చకచకా కట్టి చకచకా విప్పే సెట్టే కావాలి. బహుమతి వస్తే ఏడాది రిహార్సల్ ఖర్చులు కొంత గట్టెక్కుతాయి. పరిషత్తుల వల్లే మన దగ్గర నాటకం బతికిందని నేనూ నమ్ముతాను. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టకపోతే ఇవాళ్టికి ఇన్ని ఊళ్ళల్లో ఇంతమంది నటులు ఉండేవాళ్ళు కాదు. కానీ పోటీకొచ్చే నాటికల్లో కథ చాలాసార్లు ముసలి తల్లిదండ్రుల చుట్టూనే తిరుగుతుంది. అప్పుడు పదహారేళ్ళ కుర్రాడు తలకి తెల్లరంగు పూసుకుని, నడుం వంచి, దగ్గుతూ గంటసేపు ఏడవాలి. వాడికి తెలిసిన ముసలితనం సినిమాల్లో చూసిందే. ఆ దగ్గు, ఆ వణుకు ఒకసారి ఒంటికి పట్టాయంటే తర్వాత ఏ వేషం కట్టినా వదలవు. పైగా జడ్జీల ముందు మార్కుల టెన్షన్ ఒకటి. ఈ ఏడాదికి మాత్రం ఇది వద్దంటాను.

రాయబారం సంగతి వేరు. పద్యనాటకానికి వయసుతో పనిలేదు. పద్యం బాగా పడితే పద్దెనిమిదేళ్ళ కృష్ణుణ్ణీ జనం కృష్ణుడిగానే చూస్తారు. మన పల్లెల్లో తిరునాళ్ళకి నాటకం పెడితే, 'చెల్లియో చెల్లకో' ఎత్తుకోగానే ముందు వరసలో తాతలు పెదాలు కదుపుతూ కూర్చుంటారు. ఆ జనం ముందు ఒక్కసారి నిలబడితే పిల్లలకి స్టేజీ భయం పోతుంది.

అన్నిటికంటే పెద్ద లాభం ఊపిరి. 'అలుగుటయే యెరుంగని' పద్యం చంపకమాల, పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. మొదటి పాదం 'అజాతశత్రుడే' దగ్గర ముగుస్తుంది కానీ మాట అక్కడ ముగియదు. 'అలిగిన నాడు' అని రెండో పాదంలోకి వెళితేనే అర్థం పూర్తవుతుంది. కొత్తగా నేర్చుకునేవాడు పాదం చివర ఆగి రాగం తీస్తాడు. దాంతో కృష్ణుడి బెదిరింపు సగంలో తెగిపోతుంది. అక్కడ ఆగకుండా ఊపిరి దాచుకుని 'అలిగిన నాడు' మీద బరువు వేయడం నేర్చుకున్న పిల్ల, రేపు ఏ వచన నాటకంలోనైనా పెద్ద డైలాగుని నలపకుండా చెప్పగలదు. పిల్ల అని కావాలనే అన్నాను. మగపిల్లలకి గొంతు మారే వయసిది, శ్రుతి నిలవదు. ఈ సీనులో ఆడపాత్ర లేదు, కాబట్టి పాడగలిగే ఆడపిల్లకి కృష్ణ వేషం ఇవ్వడమే సరైన పని. సురభి నాటక కుటుంబాల ఆడవాళ్ళు మగవేషాలు కట్టి మెప్పించలేదా!

ఇబ్బందులూ ఉన్నాయి. ఓపికున్న హార్మనిస్టు దొరకాలి. కిరీటాలు, డ్రస్సులు అద్దెకి తేవాలి, అద్దె తక్కువేం కాదు. పాడలేని పిల్లలు కౌరవ సభలో కూర్చునే వేషాలకే పరిమితమవుతారు. అందుకే ఏడాదంతా ఇదే పట్టుకుని కూర్చోకూడదు. నలభై నిమిషాల సీనుగా ముందు ఆడించాలి.

ఎన్.జి.ఓ. మీద నాకు అభిమానం ఎక్కువ. ఆత్రేయ సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టాడు. మొన్నమొన్నటిదాకా అది నెల్లూరు జిల్లానే. సినిమా పాటల రచయితగానే ఆయన్ని ఎరిగిన ఈ తరానికి ఆయన ముందు నాటకకర్త అని తెలియాలి. జీతం చాలని చిన్న గుమాస్తా బతుకు కథ ఇది, ఖర్చు తక్కువ, మాటలు సూటిగా తగులుతాయి. అయితే సంసారం మోసే ఆ అలసట ఇంటర్ కుర్రాడి మొహంలోకి రాదు, అరిస్తే వస్తుందనుకుంటాడు. ఇది మాలో ఉద్యోగాల్లో చేరినవాళ్ళు ఆడాల్సిన నాటకం. మే 7 ఆత్రేయ జయంతి. ఆ రోజుకి నెల్లూరు పురమందిరంలో హాలు దొరికితే అక్కడ ఆడాలి.

ఇక కన్యాశుల్కం. సీజన్‌కి పెద్ద నాటకం ఇదే కావాలని నా పట్టు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1909లో గురజాడ దాన్ని ఏడంకాలుగా తిరగరాశాడు. ఇప్పుడు మనం చదివేది ఆ రూపాన్నే. మొత్తం ఆడాలంటే చాలా గంటలు పడుతుంది కాబట్టి ఎక్కువమంది కుదించే ఆడుతున్నారు. "అది పెద్దవాళ్ళ నాటకం కదా" అంటారు. పాత్రల్ని ఒక్కసారి వరసగా చూడండి. వెంకటేశం పరీక్ష తప్పిన బడి కుర్రాడు. బుచ్చమ్మ చిన్నవయసులోనే విధవ అయిన పిల్ల. మహేశం కరటకశాస్త్రి శిష్యుడు, ఆడపిల్ల వేషంలో ముసలి లుబ్ధావధాన్లుకి పెళ్ళికూతురై వెళ్ళే కుర్రాడు. ముగ్గురూ మా పిల్లల ఈడువాళ్ళే. తెల్లరంగు అక్కర్లేదు, దగ్గక్కర్లేదు. గిరీశం, రామప్పపంతులు, మధురవాణి వేషాలకి ఇరవై దాటినవాళ్ళున్నారు. ఆడపిల్లలకి మధురవాణి, బుచ్చమ్మ, వెంకమ్మ, మీనాక్షి, పూటకూళ్ళమ్మ, అయిదు మంచి వేషాలు. మిగిలిన మూడింటిలో ఏదీ ఆడపిల్లలకి ఇంత ఇవ్వదు. బట్టలు కూడా పంచెలు, కండువాలు, నేతచీరలే, చాలావరకు ఇళ్ళల్లోనే దొరుకుతాయి.

యాస మాటొకటి వచ్చింది. ఆ భాష విజయనగరంది, మా పిల్లల నోట 'ఏంది', 'ఎట్టా' పలుకుతాయి కదా, మార్చుకుందామా అని. వద్దు. వేరే ప్రాంతపు తెలుగుని నోటబట్టడం నటుడికి చదువే. మన యాసలోనే ఆడాలనుకుంటే ఒంగోలు రచయిత పాటిబండ్ల ఆనందరావు 'పడమటిగాలి' ఉంది. అంత పెద్ద నాటకానికి బృందం ఇంకా ఎదగాలి.

మధురవాణి వేశ్య పాత్ర అని ఒకరిద్దరు తల్లిదండ్రులు వెనకాడుతున్నారు. వాళ్ళని కూర్చోబెట్టి నాటకం చదివి వినిపించాలి. డబ్బుకి పదేళ్ళ పిల్లని ముసలాడికి కట్టబెట్టే పెళ్ళి తప్పించడానికి ఆ పిల్ల మేనమామ కరటకశాస్త్రికి అండగా నిలిచింది ఆమే. బాల్యవివాహం ఆపించారన్న వార్త మన జిల్లా పేపర్లలో ఇప్పటికీ చదువుతున్నాం. ఆ వేషం కట్టేది కూడా పెద్దమ్మాయే. మహేశం వేషం కట్టే కుర్రాణ్ణి స్కూల్లో ఏడిపిస్తారని ఇంకొకరి భయం. టంగుటూరి ప్రకాశం పంతులు గారు కుర్రతనంలో నాటకాలాడి ఆడవేషాలు కట్టినవారే, ఆత్మకథలో దాచుకోకుండా రాసుకున్నారు. ఈ జిల్లాకి ఆయన పేరే పెట్టుకున్నాం కదా, ఆ సంగతి స్కూల్లో మాస్టార్లకి చెబితే వాళ్ళే పిల్లలకి సర్దిచెబుతారు.

రెండు గంటలకి కుదించేటప్పుడు సారాదుకాణం, బైరాగి రంగాలు తీసేయొచ్చు. మంచం కింద గిరీశం, రామప్పపంతులు దాక్కునే రంగం మాత్రం ఒక్క మాట కూడా తీయొద్దు. పూటకూళ్ళమ్మ చీపురుదెబ్బ ఎవరికి తగులుతుందన్నది క్షణంలో తేలిపోవాలి, ముగ్గురి అడుగులూ లెక్క తప్పకుండా పడాలి. రిహార్సల్లో ఎక్కువ టైము దీనికే పెట్టుకోవాలి.

కాబట్టి దసరాకి రాయబారం, సంక్రాంతికి కన్యాశుల్కం, మే నెలలో పెద్దవాళ్ళతో ఎన్.జి.ఓ. పోటీ నాటిక వచ్చే ఏడు చూద్దాం, అదీ పిల్లల ఈడు పాత్రలున్న కథ ఎవరైనా రాసిస్తేనే. హార్మనిస్టుతో ఈ వారంలోనే మాట్లాడాలి, తిరునాళ్ళ సీజన్ మొదలైతే ఆయన దొరకడు.